నంబరు లేని బ్రెడ్డు బండి

లాండ్రీ కౌంటరు నుంచి,
ఏప్రిల్ 8, బుధవారం.

మరదలు గారికి,

నిన్న ఉదయం పదకొండు గంటల ఇరవై నిమిషాలకు మన వ్యాను చాసీ నంబరు పోయింది. ఎవరూ ఎత్తుకుపోలేదు. గ్రైండరుతో అరగదీసి, తుడిచి, పైన ఎర్ర ప్రైమరు కూడా పూశాం. పని చాలా బాగా వచ్చింది.

ఫోన్ చెయ్యకుండా ఉత్తరం ఎందుకంటావేమో. ఫోన్ చేస్తే మీ అన్నయ్య స్పీకరు పెట్టమంటారు. పెడితే ఇక ఆయనే మాట్లాడతారు. పైగా నీ తిట్లు కాగితం మీద వస్తే గిరాకీ లేనప్పుడు తీరిగ్గా చదువుకోవచ్చు.

నీకు తెలిసిందే అయినా వరసగా రాస్తాను. రేపు రవాణా ఆఫీసు ఇన్స్పెక్టరు అడిగితే ఈ వరస నాక్కూడా కావాలి.

పదకొండేళ్లుగా పెద్దాసుపత్రి దుప్పట్లు ఉతుకుతున్నది మనం. మన లాండ్రీ నడిచేదే ఆ దుప్పట్ల మీద. జూన్ ఒకటి నుంచి ఆసుపత్రి లోపలి ఆవరణలోకి పొగ వదిలే బండి రాకూడదని గోడకి నోటీసు అంటించారు. మే 15 సాయంత్రం ఐదులోగా కరెంటు బండి కాగితమో, పాత బండిని కరెంటుకి మారుస్తున్నామన్న అనుమతి కాగితమో స్టోర్సులో ఇవ్వాలి. ఇవ్వకపోతే దుప్పట్లు ఎదురు వీధి డ్రైక్లీనరుకి పోతాయి. ఆయన కొత్త కరెంటు బండి కొని, మనకి కనబడేలా రోజూ మన గుమ్మం ముందే తుడుచుకుంటున్నాడు.

మనకి కొత్తది కొనే తాహతు లేదు. బేకరీ ఆయన మూలన పడేసిన బ్రెడ్డు వ్యాను చవగ్గా దొరికింది. "ఇంజను ఉన్నచోట నేను కరెంటు మోటారు పెడతాను, ఈలోపు మీరు బండిని సిద్ధం చెయ్యండి" అని నువ్వు అయిదు పనుల జాబితా పంపావు. తూకం తప్ప మిగతావన్నీ ఇంటి గరాజులోనే చేశాం.

ఒకటి, తూకం. కాటా మీదకి బండి ఎక్కించాక మీ అన్నయ్య డ్రైవరు సీట్లోంచి దిగలేదు. తూకం చీటీ వచ్చాక చూసుకుని, దింపి, మళ్లీ తూచాం. తేడా తొంభై ఒక్క కిలోలు. ఆయన ఇంట్లో చెప్పే బరువుకీ దీనికీ పొంతన లేదు.

రెండు, బ్రేకులు చూసి రాసిపెట్టడం. ఉన్నాయి అని రాశారు.

మూడు, వైర్లు ఊడదీసే ముందు ఫొటోలు. రెండు వందల పద్నాలుగు తీశారు. వాటిలో అరవైలో ఆయన కూడా ఉన్నారు.

నాలుగు, ఇంజనూ పెట్రోలు ట్యాంకూ తియ్యడం. మూల మీద రేకుల పని చేసే సుత్తి మామ గొలుసు కప్పీ వేసి దించాడు. ఇంజను ఇప్పుడు వెనక గదిలో దుప్పట్ల పక్కన చుట్టంలా కూర్చుంది.

అయిదోది నీ దస్తూరీలోనే ఉంది: "తుప్పు కనిపించిన చోటల్లా ఇనుము మెరిసేదాకా రుద్దాలి." పది నలభైకి మీ అన్నయ్య గ్రైండరు పట్టుకుని డ్రైవరు సీటు కింద దూరారు. పదకొండు ఇరవైకి అక్కడ ఇనుము అద్దంలా ఉంది. ఆయన చేతికి గ్రైండరు ఇవ్వడం నా తప్పు.

సాయంత్రం సుత్తి మామ రిజిస్ట్రేషన్ పుస్తకం పట్టుకుని బండి కింద తల పెట్టాడు.

"అమ్మా, నంబరెక్కడ?"

"పుస్తకంలో ఉందిగా."

"పుస్తకంలోది కాదమ్మా, ఇనుము మీద కొట్టింది."

రెండు వందల పద్నాలుగు ఫొటోలూ వెతికాం. వైర్లున్నాయి, మీ అన్నయ్య ఉన్నారు, నంబరు లేదు. ఇప్పుడు మన దగ్గర బండీ ఉంది, పుస్తకమూ ఉంది. ఈ పుస్తకం ఈ బండిదే అని చెప్పేది మాత్రం లేదు.

ఏం చెయ్యాలో రాయి.

మీ వదిన

*

బస్సు డిపో, మూడో షెడ్డు,
ఏప్రిల్ 13, సోమవారం.

వదినా,

నీ ఉత్తరం మధ్యాహ్నం భోజనాల బల్ల దగ్గర పైకి చదివాను. పద్నాలుగు మంది విన్నారు. కాటా దగ్గర ఒకసారీ, ప్రైమరు దగ్గర ఒకసారీ ఆపాల్సి వచ్చింది. మా ఫోర్‌మన్ కళ్లు తుడుచుకుని, "ముప్ఫై ఏళ్ల సర్వీసులో ఇంజను పాడుచేసినవాళ్లని చూశాను, బస్సుని ఎక్కడ పెట్టాడో మర్చిపోయినవాణ్ణి చూశాను. నంబరు ఉతికేసినవాళ్లని ఇప్పుడే వింటున్నా" అన్నాడు. లాండ్రీ వాళ్ల చేతిలో బండి పెడితే ఇంతేనట.

ఇక నవ్వు చాలు. చాసీ నంబరు లేని బండిని రవాణా ఆఫీసు దొంగ బండి కిందే చూస్తుంది. మార్పిడి అనుమతి ఇవ్వదు. అనుమతి లేని బండిలో నేను మోటారు పెట్టను. పెడితే నా లైసెన్సు పోతుంది. కాబట్టి:

ఆ ప్రైమరు ముట్టుకోవద్దు, గీకొద్దు, ఇంకో పూత వెయ్యొద్దు. బేకరీ ఆయన దగ్గర అమ్మకం ఉత్తరం రాయించు. అది పట్టుకుని మీ అంతట మీరే రవాణా ఆఫీసుకి వెళ్లి జరిగింది చెప్పండి. వాళ్లు కనిపెట్టేలోపు మనం చెప్పడం వేరు, కనిపెట్టాక చెప్పడం వేరు.

ఒకటి మాత్రం నాకు మింగుడు పడలేదు. మా అన్నయ్య ఏ పనీ రెండు నిమిషాలకి మించి చెయ్యడు. చిన్నప్పుడు నా సైకిలుకి రంగేస్తానని ముందు చక్రం దాకా వేసి లేచిపోయాడు. ఏడేళ్లు నేను దాన్ని అలాగే తొక్కాను. అలాంటివాడు సీటు కింద దూరి నలభై నిమిషాలు రుద్దాడా? పెళ్లయితే మగాళ్లు మారతారంటే నమ్మేదాన్ని కాదు. నీకు దండం పెట్టాలి.

మరదలు

*

లాండ్రీ కౌంటరు నుంచి,
ఏప్రిల్ 20, సోమవారం.

మరదలు పిల్లా,

నీ పద్నాలుగు మందికీ నా నమస్కారాలు. వాళ్ల చొక్కాలేమైనా ఉంటే పంపించు. కాలర్లతో సహా ఉతికేస్తాను.

బేకరీ ఆయన ఉత్తరం రాసిచ్చాడు. రెండు పేజీలు. ఒకటిన్నర పేజీ ఆ బండి ఎన్ని వానల్లో వేళకి బ్రెడ్డు చేర్చిందో ఉంది. చివర్లో అమ్మినట్టు రెండు ముక్కలు. సంతకం పెడుతూ కళ్లు తడిచేసుకున్నాడు. అంత ప్రేముంటే ఒక్కసారైనా కింద తుడవాల్సింది. పిండీ నూనే కలిసి చట్రం మీద వేలు మందాన గట్టిపడి ఉంది.

మీ అన్నయ్యకి ఇప్పుడు వీధిలో పరపతి పెరిగింది. రోజూ టీ కొట్టు దగ్గర కొత్తవాళ్లకి మొదట్నుంచీ చెబుతున్నారు. "నేనే, ఈ చేత్తోనే" అని చెయ్యి కూడా చూపిస్తున్నారు. వాళ్లు ఆ చెయ్యి చూసి టీ ఇప్పిస్తున్నారు. ఇంట్లో మాత్రం కిక్కురుమనడం లేదు. గరాజు గుమ్మం దాకా వచ్చి, "లోపలికి రావచ్చా?" అని అడిగి, నేను చూసిన చూపుకి వెనక్కి వెళ్తున్నారు. పదకొండేళ్లలో ఇంత ప్రశాంతంగా నేనెప్పుడూ పని చేసుకోలేదు.

రవాణా ఆఫీసుకి వెళ్లలేదు. అసలు సంగతి ఇది. సుత్తి మామ ఒక మాటన్నాడు.

"ఇనుము మీద అంకెలు కొట్టే పంచులు నా దగ్గరున్నాయమ్మా. పుస్తకంలో చూసి కొట్టేస్తే పది నిమిషాల పని. పైన కాస్త మట్టి రాస్తే పుట్టినప్పట్నుంచీ ఉన్నట్టే ఉంటుంది."

"మరి కొట్టవేం?"

"మూడూ ఎనిమిదీ పోయాయి. ఎవడో పట్టుకుపోయాడు."

మన నంబర్లో మూళ్లు రెండు, ఎనిమిది ఒకటి. మీ డిపోలో పంచుల పెట్టె నిండుగా ఉంటుందట కదా. ఆ రెండూ ఒక దుప్పట్లో చుట్టి పార్సిల్ చెయ్యి. వారంలో తిప్పి పంపిస్తాను, కావాలంటే ఉతికి మరీ. ఉన్న నంబరునే మళ్లీ కొడుతున్నాం, ఇంకొకరిది కాదు. ఎవరికి తెలుస్తుంది?

లేవని మాత్రం రాయకు. మీ అన్నయ్య చెప్పారు, నువ్వు ఆ పెట్టెలోని అక్షరాల పంచులతోనే నీ టిఫిను డబ్బా మీద పేరు కొట్టుకున్నావట.

వదిన

*

బస్సు డిపో, మూడో షెడ్డు,
ఏప్రిల్ 25, శనివారం.

వదినా,

పంచులు ఉన్నాయి. మూడూ ఉంది, ఎనిమిదీ ఉంది. బీరువా తాళం నా నడుముకే వేలాడుతోంది. పంపను.

మా దగ్గర ఒక ఫిట్టరు ఉండేవాడు. పనిమంతుడు. స్నేహితుడి లారీకి చెరిగిపోయిన నంబరు మళ్లీ కొట్టిచ్చాడు. ఉన్న నంబరే, నువ్వు రాసినట్టే. ఫ్యాక్టరీలో కొట్టిన అంకెల మధ్య ఎడం వేరు, చేత్తో కొట్టిన ఎడం వేరు. ఇన్స్పెక్టరు స్కేలు పెట్టి కొలిచాడు. ఆ ఫిట్టరు ఇప్పుడు మా గేటు బయట సైకిళ్లకి గాలి కొడుతున్నాడు. నేను రోజూ ఆయన ముందునుంచే లోపలికి వస్తాను. ఎవరికి తెలుస్తుందని అడిగావు కదా, ఆయన్నడుగు.

సుత్తి మామకి చెప్పు, మిగతా పంచులు కూడా పోగొట్టుకోమని.

దారి ఒకటుంది. పోలీసు ప్రయోగశాలలో పనిచేసే ఆయన పాత బస్సుల కేసులకి మా డిపోకి వస్తుంటాడు. ఆయన్ని అడిగాను. అంకె కొట్టినప్పుడు పైన పడ్డ గుంట కింద కూడా ఇనుము నలిగి ఉంటుందట. పైది అరిగిపోయినా ఆ నలుగుడు లోపల మిగులుతుంది. అక్కడ నున్నగా చేసి ఆసిడ్ పూస్తే నలిగినచోటు వేరే రంగు తిరిగి అంకె పైకి తేలుతుంది. నిమిషం కూడా నిలవకపోవచ్చు. అందుకే కెమెరా పట్టుకుని కూర్చుంటారు. రవాణా ఆఫీసు రాసి అడిగితే వాళ్లు వచ్చి చేస్తారు. ఆ ఫొటోతో నంబరు అధికారికంగా మళ్లీ కొట్టిస్తారు.

ఎంత లోతుగా రుద్దారన్నదాన్ని బట్టే అంతా. నలుగుడు దాటి లోపలికి పోతే ఆసిడ్ కాదు, అమృతం పూసినా లేవదు.

నాకు భయం లేదు. రుద్దింది అన్నయ్య. నలభై నిమిషాలు సీటు కింద ఉన్నా రుద్దింది రెండే ఉంటుంది, మిగతాది పడుకుని ఉంటాడు. అదే నువ్వయితే ఇప్పుడే ఆశ వదులుకునేదాన్ని. నీ చేతిలో పడితే దుప్పటి మీద మరకే కాదు, పువ్వులు కూడా పోతాయి.

ప్రయోగశాల ఆయనకి కాగితం కావాలి: గ్రైండరుకి ఏ బిళ్ల వేసి రుద్దారు, ఎంతసేపు, ఎవరు. అన్నయ్య చేత రాయించి, సంతకం పెట్టించి పంపు.

మరదలు

*

వెనక గది నుంచి,
ఏప్రిల్ 30, గురువారం.

అమ్మాయీ,

రుద్దింది నేను.

పది నలభైకి మీ అన్నయ్య సీటు కింద దూరారు. అది నిజమే. పది నలభై రెండుకి బయటికొచ్చి, మెడ పట్టేసిందని, టీ తాగొస్తానని వెళ్లారు. గ్రైండరు ఇంకా వెచ్చగానే ఉంది. అరచేయి మేర రుద్దిన చోటు మురికిగా, అంచులు అంచులుగా వదిలేశారు. అది చూసి ఊరుకోవడం నా వల్ల కాలేదు. నేను దూరాను.

పిండి పొర లేచిపోయాక కింద ఏవో గీతల్లా కనిపించాయి. ఇనుముకి పట్టిన మచ్చలనుకున్నాను. పైపైన పోలేదు. గట్టిగా పట్టాను. బిళ్ల అరిగిపోతే మార్చాను. రెండుసార్లు మార్చాను. పోయేదాకా లేవలేదు.

ఆయన తిరిగొచ్చేసరికి నేను ప్రైమరు డబ్బా మూత పెడుతున్నాను. తొంగిచూసి, "ఇంత బాగా రుద్దానా నేను?" అన్నారు.

"మీరే కదా" అన్నాను. అప్పటికి అది నవ్వులాటే. నంబరు సంగతి ఇద్దరికీ తెలియదు.

సాయంత్రం సుత్తి మామ నంబరెక్కడని అడిగితే మీ అన్నయ్య తడుముకోకుండా, "నేనే రుద్దాను" అన్నారు. నేను దుప్పట్లు మడతపెడుతున్నాను. ఇంకో నాలుగు మడతపెట్టాను. చెప్పాల్సింది అప్పుడే.

ఎందుకు చెప్పలేదని అడుగుతావు. పదకొండేళ్లుగా ఈ ఇంట్లో పాడుచేసేది ఆయన, సరిచేసేది నేను. ఆ మాట మీదే నేను గొంతు పెంచుతున్నాను. ఇది చెబితే రేపట్నుంచి గొంతు ఎలా పెంచాలో తెలియలేదు. ఆయన తలొంచుకుని తిరుగుతుంటే నాకు హాయిగా ఉందని కూడా రాయాలి. నీకు రాసిన ఉత్తరాలు మళ్లీ చదివితే నీకే కనబడుతుంది, ఎంత హాయిగా ఉందో.

నువ్వడిగిన కాగితం ఆయన రాసిచ్చారు. మూడు పేజీలు. తాను రుద్దిన నలభై నిమిషాలూ నిమిషం నిమిషం వర్ణించారు. సంతకం పెట్టారు. దీంతో పంపడం లేదు.

నంబరు లేస్తుందా?

వదిన

*

బస్సు డిపో, మూడో షెడ్డు,
మే 5, మంగళవారం.

వదినా,

ఈ ఉత్తరం ఎవరికీ చదివి వినిపించలేదు. రోజూ అడుగుతున్నారు. అందలేదని చెప్పాను.

నాకూ ఒకటుంది. మా షెడ్డులో గ్రైండరు ఆన్ చేసేముందు చేసే పని ఒకటే: చాసీ నంబరు మీద రెండు వరసల టేపు. కొత్తగా చేరినవాడికి స్పానరు పట్టుకోవడం కన్నా ముందు అదే నేర్పిస్తాం. మీకు పంపిన జాబితాలో అది లేదు. మర్చిపోలేదు. రాయబోయి, ఈ మాత్రం తెలియనివాళ్లు ఉంటారా అని వదిలేశాను. నీ మొదటి ఉత్తరం బల్ల దగ్గర చదువుతున్నప్పుడే ఆ సంగతి గుర్తొచ్చింది. చదవడం ఆపలేదు. అందరితో పాటు నవ్వాను.

నువ్వు నాలుగు దుప్పట్లు మడతపెట్టావు. నేను రెండు ఉత్తరాలు రాశాను. నీ కన్నా నాకే తీరిక ఎక్కువ దొరికింది.

ఇక పని. ప్రైమరు థిన్నర్‌తో తుడువు, గీకకు. రుద్దిన చోటు మీద స్టీలు స్కేలు అడ్డంగా పెట్టి, కింద పోస్టుకార్డులు దూర్చి లోతు చూడు. ఎన్ని దూరతాయో రాయి. ఒకటైతే నంబరు లేస్తుందన్నాడు ప్రయోగశాల ఆయన. మూడైతే తను రానక్కర్లేదన్నాడు.

అన్నయ్య కాగితం చించెయ్యి. ప్రయోగశాల ఆయన ఏ బిళ్ల వాడారని అడిగితే అన్నయ్య ఏం చెబుతాడు? ఇంజను దింపిన కథ మొదలుపెడతాడు. ఒక్క అబద్ధం బయటపడితే బండి దొంగది కాదన్న మాట కూడా ఎవరూ నమ్మరు. దుప్పట్లు పోవడమే కాదు, కేసవుతుంది, అదీ అన్నయ్య మీద.

ముందు ఆయనకి చెప్పు. తర్వాత ఆఫీసులో చెప్పు. జాబితాలో టేపు సంగతి రాయలేదని నేను సంతకం పెట్టిన కాగితం ఇందులో పెట్టాను. నీ కాగితంతో కలిపి ఇవ్వు. ఫోర్‌మన్‌కి కూడా చూపించాను. ఈసారి ఆయన నవ్వలేదు.

మరదలు

*

లాండ్రీ కౌంటరు నుంచి,
మే 12, మంగళవారం.

మరదలా,

రెండు పోస్టుకార్డులు దూరాయి. మూడోది దూరలేదు. నాలుగుసార్లు చూశాను. ప్రయోగశాల ఆయనకి ఫోన్ చేస్తే, "రెండా... వచ్చి చూడాలమ్మా" అన్నాడు.

మీ అన్నయ్యకి శుక్రవారం పొద్దున చెప్పాను. ఇస్త్రీ చేస్తున్నారు. పెట్టె పక్కన పెట్టారు.

"అంటే నేను రుద్దింది రెండు నిమిషాలేనా?"

"రెండే."

"నెల రోజులుగా నేను గరాజు బయట నిలబడి లోపలికి రావచ్చా అని అడుగుతున్నాను."

"అవును."

"నువ్వు వద్దన్నట్టు చూస్తున్నావు."

"అవును."

ఇస్త్రీ పెట్టె మళ్లీ అందుకుని, ఒక చొక్కా పూర్తి చేశారు. చివరిదాకా, రెండు చేతులూ, కాలరూ అన్నీ. నేనెప్పుడూ ఆయన చేత పూర్తయిన చొక్కా చూడలేదు. మడతపెట్టి నా ముందు పెట్టి, "టీ కొట్టులో పాతిక మందికి చెప్పాను నేనే రుద్దానని. వాళ్లకి ఎవరు చెబుతారు?" అన్నారు.

"నేనే చెబుతాను."

"అక్కర్లేదు. నువ్వు చెబితే నిన్ను తిడతారు. నేను చెబితే నన్ను నమ్మరు. ఎలాగూ అలవాటే." శనివారం మధ్యాహ్నం గుమ్మం దగ్గర ఆగకుండా, అడక్కుండా గరాజులోకి వచ్చి స్టూలు వేసుకుని కూర్చున్నారు. నేను జరిగి చోటిచ్చాను.

నిన్న ఇద్దరం రవాణా ఆఫీసుకి వెళ్లాం. ఇన్స్పెక్టరు కాగితం ముందు పెట్టుకుని అడిగాడు.

"రుద్దింది ఎవరు?"

"నేనండీ."

"ఆయన కాదా?" అని మీ అన్నయ్యని చూపించాడు.

"మొదటి రెండు నిమిషాలు ఆయన. మిగతా ముప్ఫై ఎనిమిది నేను."

"నంబరని తెలియలేదా?"

"మచ్చనుకున్నానండీ."

"ఇదే రాయమంటారా? మచ్చనుకుని తీసేశాను అని?"

"అలాగే రాయండి. మాది లాండ్రీ అని కూడా రాయండి."

రాశాడు. రాస్తున్నంతసేపూ ముఖం పక్కకి తిప్పుకునే ఉన్నాడు, భుజాలు మాత్రం కదిలాయి. నీ కాగితం రెండుసార్లు చదివి, "ఈ టేపు వెయ్యడం మాకూ తెలుసు. మేమూ ఎక్కడా రాసిపెట్టలేదు" అన్నాడు. బేకరీ ఆయన ఉత్తరం మాత్రం మొదటి పేజీ దగ్గరే ఆపి, సాక్షిగా మనిషినే తీసుకురమ్మన్నాడు. నేను సంతకం పెట్టాను. అడగకుండానే కింద సాక్షి అని రాసి మీ అన్నయ్య కూడా పెట్టారు. ఏం చూశారని అడిగితే, "మొదటి రెండు నిమిషాలు" అన్నారు.

శుక్రవారం, మే 15, ఉదయం పదింటికి ఇన్స్పెక్టరు, ప్రయోగశాల ఆయన, బేకరీ ఆయన మన గరాజుకి వస్తారు. నువ్వు మొదటి బస్సుకి బయల్దేరితే తొమ్మిదిన్నరకి దిగుతావు. మీ అన్నయ్య స్టాండుకి వస్తారు. పదింబావుకి ఆసిడ్ పూస్తారు. గంటన్నర పడుతుందట. చాసీ నంబరులోని పదిహేడు గుర్తుల్లో చివరి ఆరు అంకెలు ఫొటోలో కనబడితే మూడింటికి ఆఫీసులో అనుమతి కాగితం ఇస్తారు. కనబడకపోతే బండిని పాత ఇనుము కింద గరాజు నుంచే ఎక్కించుకుపోతారు, అందుకని లారీ కూడా పన్నెండింటికి రమ్మన్నారు. ఆసుపత్రి స్టోర్సు కిటికీ అయిదింటికి మూస్తారు.

వదిన